ప్రసవం గురించి బోధించడానికి డాక్యుమెంటరీలు ఉపయోగపడతాయా?
ఉపయోగపడతాయి, అయితే అధ్యాపకులు చిత్రాన్ని అక్కడక్కడ ఆపి వివరించాలి. నొప్పుల మధ్య తల్లి భంగిమ మార్చుకోవడం, తోడున్న మనిషి ఇచ్చే ధైర్యం పాఠ్యపుస్తకంలోని బొమ్మలో కనిపించవు. కానీ ఎడిటింగ్ కాలాన్ని కుదించేస్తుంది: తొలి కాన్పులో గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్ల నుంచి పూర్తిగా తెరుచుకోవడానికి 12 గంటల వరకూ పట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు చెబుతుండగా, తెరపై అది నిమిషాల్లో ముగిసిపోవడం వల్ల, నిదానంగా సాగే సహజ ప్రసవాన్ని విద్యార్థి ప్రమాదంగా పొరబడవచ్చు. బిడ్డ ఏడుపుతోనే చిత్రం ముగిస్తే, మాయ పడే దశనూ, ఆ తర్వాతి గంటల్లో పొంచి ఉండే అధిక రక్తస్రావం ముప్పునూ తప్పక విడిగా బోధించాలి. దృశ్యాలు ఎలా ఉంటాయో ముందే చెప్పి, చూడలేనివారికి బయటకు వెళ్లే వీలు కల్పించడం అవసరం.