అక్టోబరు వానల్లో విశాఖ: పిల్లలతో, అతిథితో వెళ్లేవారికి

దసరా సెలవులకు పిల్లలను తీసుకుని విశాఖపట్నం వెళ్తున్నామని, వెంట ఇక్కడి మిత్రుడొకరు కూడా వస్తున్నారని, ఆ వారమంతా వానలేనని ఫోన్ చూపిస్తోంది గనుక ప్రయాణం మానుకోవాలా అని నేనుంటున్న ఈ పరాయి దేశానికి కొత్తగా వచ్చిన ఒక తెలుగు కుటుంబంవారు అడిగారు. మానుకోనక్కరలేదు. అయితే ఫోన్‌లో కనిపించే మేఘం బొమ్మకంటే భారత వాతావరణ శాఖ ప్రకటనలను నమ్మడం మేలు. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. అల్పపీడనమంటే గొడుగులు పట్టుకుని తిరగవచ్చు, అది బలపడి వాయుగుండమైతే కార్యక్రమం మార్చుకోవాలి, గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరి తుపానుగా ప్రకటించారంటే ఇల్లు కదలకూడదు. ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో కూడా వార్తల్లో చెబుతారు; అది ఓడలకోసమే అయినా, పిల్లలతో బీచికి బయలుదేరేవారు కూడా తెలుసుకోదగినదే.

నా ఉద్దేశంలో వానకంటే ఎక్కువ చిక్కు తెచ్చేది మనవాళ్ల మర్యాద. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని అరకు చూపించకుండా ఎలా పంపుతామని బావగారో బాబాయిగారో పట్టుబడతారు. మన డ్రైవరుకు ఘాట్ రోడ్డు కొట్టిన పిండేనని భరోసా కూడా ఇస్తారు. భారీ వానలు పడితే అరకు దారిలో శృంగవరపుకోట దాటిన తరువాత కొండచరియలు విరిగిపడడం, అరకు మీదుగా వెళ్లే కొత్తవలస-కిరండూల్ మార్గంలో రైళ్లు నిలిచిపోవడం కొత్త సంగతులు కావు. అక్కడ చిక్కుకుంటే చంటిపిల్లలకు పాలు దొరకడమూ కష్టమే. పెద్దల మాట మీరు కాదంటే అలుగుతారు గానీ అతిథి వద్దంటే మారుమాట్లాడరు, కాబట్టి ఆ మాట మీ మిత్రుడి చేతే ముందుగా చెప్పించండి.

సముద్రం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాయుగుండం ఒడిశా వైపు వెళ్లిపోయి విశాఖలో ఎండ కాసిన రోజున కూడా అలల పోటు తగ్గకపోవచ్చు. వానకు ఇంట్లో విసిగిపోయిన పిల్లలు సరిగ్గా ఆ రోజునే నీళ్లలోకి పరుగెత్తుతారు. వెనక్కు మళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. మోకాలి లోతు నీళ్లలో పెద్దవాళ్లే తూలిపడతారు. కొలనులో ఈత నేర్చిన పిల్లలకు ఈ సముద్రంలో ఆ ఈత అక్కరకు రాదు.

ఒక మోస్తరు వానకు బీచి రోడ్డులోని కురుసుర జలాంతర్గామి చక్కని చోటు. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన ఆ నౌక లోపల ఒక గదిలో నుంచి మరొక గదిలోకి గుండ్రటి తలుపు గుండా దూరి వెళ్లాలి. పిల్లలు సులువుగా దూరతారు, పొడుగాటి అతిథి మాత్రం తల కాచుకోవాలి. టికెట్ల వరుస ఆరుబయటే గనుక గొడుగులు మరవవద్దు. రోడ్డుకు అవతల మ్యూజియంగా మార్చిన టీయూ-142 నౌకాదళ విమానం ఉంది. తిరుగుదారిలో నిప్పుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూ కారమూ రాసి ఇచ్చే మొక్కజొన్న పొత్తు ఆయనకు నిర్భయంగా పెట్టవచ్చు. కోసి ఉంచిన పండ్ల ముక్కలు, ఐసు వేసిన పానీయాలు వద్దు.

అతిథి గురించి మరో రెండు మాటలు. ఆయన విదేశీయుడై విశాఖలో మీవాళ్ల ఇంట్లోనే దిగితే, ఆ సంగతి 24 గంటల లోపు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారులకు తెలపడం ఇంటివారి బాధ్యత. కొండలెక్కే అలవాటున్నవారు ఆపద సమయానికి పనికొస్తుందని ఉపగ్రహ ఫోన్ వెంట తెస్తుంటారు. అనుమతి లేకుండా దానిని భారతదేశంలోకి తేవడం నేరం. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఉన్న ఊరు గనుక, డ్రోన్ కూడా ఇక్కడే వదిలి రమ్మని చెప్పండి.

తిరుగు ప్రయాణానికి విశాఖ-హైదరాబాద్ టికెట్ విడిగా కొన్నట్లయితే, వాతావరణం వల్ల ఆ విమానం రద్దయి అంతర్జాతీయ విమానం తప్పిపోయినా ఆ అంతర్జాతీయ విమాన సంస్థ మీకు జవాబుదారీ కాదు. ఒక రోజు ముందే హైదరాబాద్ చేరుకునేలా టికెట్లు తీసుకోండి. ఆ రాత్రి హోటలు ఖర్చు, నలుగురికీ కొత్త టికెట్లు కొనే ఖర్చుతో పోలిస్తే ఒక లెక్కలోనిది కాదు.