లైసెన్సు స్నేహితుడిది, వీసా మీది

ప్రశ్న: నేను హెచ్‌1బీ మీద అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆవిడది హెచ్‌4. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. నా స్నేహితుడు అమెరికన్ సిటిజన్. అతనికి రాష్ట్రం ఇచ్చిన మెడికల్ గంజాయి డిస్పెన్సరీ (గంజాయిని మందుగా అమ్మే దుకాణం) లైసెన్సు ఉంది. 40 వేల డాలర్లు పెడితే 10 శాతం వాటా ఇస్తానని, కాగితాల మీద నా పేరు ఉండదు కాబట్టి ఏ ఇబ్బందీ రాదని అంటున్నాడు. అడ్వాన్సుగా 2 వేలు ఇచ్చాను. మిగతాది 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి లోన్ తీసుకుని ఇద్దామనుకుంటున్నాను. లైసెన్సు ఉన్న వ్యాపారమే కదా, పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. మామూలుగా ఇంత సూటిగా చెప్పను. వయసు, బాధ్యతలు, చేతిలో ఉన్న డబ్బు అన్నీ అడిగాకే నోరు విప్పుతాను. మీ ఉత్తరంలో మాత్రం హెచ్‌1బీ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

లైసెన్సు ఇచ్చింది రాష్ట్రం. మీ వీసాను, గ్రీన్‌కార్డును చూసేది ఫెడరల్ ప్రభుత్వం. 1970 నాటి ఫెడరల్ చట్టం కింద గంజాయి నియంత్రిత పదార్థం. దాని అక్రమ వ్యాపారంలో మీకు పాలు ఉందని నమ్మడానికి కారణం కనిపిస్తే చాలు, ఇమిగ్రేషన్ అధికారి గ్రీన్‌కార్డు నిరాకరించవచ్చు. అందుకు కేసు పెట్టనక్కర్లేదు, శిక్ష పడనక్కర్లేదు. గత 5 ఏళ్లలో ఆ డబ్బుతో, అది ఎక్కడిదో తెలిసే లబ్ధి పొందారని తేలితే భార్యాపిల్లలకూ అదే గతి. సిటిజన్‌షిప్ దరఖాస్తుల విషయంలోనూ అంతే. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, ఫెడరల్ చట్టానికి విరుద్ధమైన గంజాయి పని సత్ప్రవర్తన నిరూపణకు అడ్డమవుతుందని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా ప్రకటించింది. ఏళ్ల తరబడి క్యూలో నిలబడి సంపాదించుకుంటున్నదాన్ని 10 శాతం వాటా కోసం పణంగా పెట్టడం నాకు భయం వేస్తోంది.

"పేరు ఉండదు" అన్న మాట ఇంకా ప్రమాదం. ఈ వ్యాపారంలో ప్రతి మొక్కకూ నంబరున్న ట్యాగు ఉంటుంది. విత్తనం నుంచి అమ్మకం దాకా తూకం సరిపోవాలి, సరుకు ల్యాబు పరీక్ష దాటాలి, కెమెరా రికార్డింగులు దాచాలి. మొక్కనే ఇంతగా లెక్కపెట్టే ప్రభుత్వం డబ్బు ఎవరిదో అడగకుండా ఉంటుందా? చాలా రాష్ట్రాల్లో యజమానులెవరో, ఎవరి డబ్బు ఉందో ముందే చెప్పాలి. దాచిన వాటా బయటపడితే జరిమానాతో పోవచ్చు, లైసెన్సే పోవచ్చు. అప్పుడు మీ స్నేహితుడి ఆస్తి అంటూ ఏదీ మిగలదు, ఎందుకంటే ఆ కొట్టుకు ఉన్న విలువంతా ఆ లైసెన్సుదే. పైగా రేపు ఇద్దరికీ తేడా వస్తే, కాగితం మీద లేని వాటాను మీరు ఏ కోర్టులో చూపిస్తారు? వ్యాపారం మునిగితే ఫెడరల్ దివాలా కోర్టు రక్షణ కూడా ఈ రంగానికి సాధారణంగా దొరకదు.

దేశమంతటా చట్టబద్ధమైన కెనడాలోనే ఏం జరిగిందో చూడండి. కాన్‌ట్రస్ట్ అనే లిస్టెడ్ కంపెనీ, లైసెన్సు ఇంకా చేతికి రాని గదుల్లో పంట వేసిందని 2019 జులైలో బయటపడింది. దరఖాస్తు పెండింగులో ఉంది, వస్తుందిలే అని ఆగలేకపోయారు. సెప్టెంబరులో లైసెన్సులు సస్పెండ్ అయ్యాయి, తర్వాత కోట్ల డాలర్ల సరుకు తగలేయాల్సి వచ్చింది. 2020 మార్చికల్లా కంపెనీ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. షేర్లు కొన్నవాళ్లు ఏ మొక్కా నాటలేదు, నష్టం మాత్రం వాళ్లదే.

ఇక లాభం సంగతి. ట్యాక్స్ చట్టంలో 280ఈ అని ఒక సెక్షన్ ఉంది. 1981లో మినియాపోలిస్‌కు చెందిన ఒక మత్తుపదార్థాల వ్యాపారి తన ఖర్చులను ట్యాక్స్ కోర్టులో మినహాయించుకోగలిగాడు. దాంతో మరుసటి ఏడాదే ఈ సెక్షన్ తెచ్చారు. ఆ 1970 చట్టం నియంత్రిత పదార్థాలను షెడ్యూళ్లు అనే జాబితాలుగా విడగొట్టింది. వాటిలో షెడ్యూల్ 1, 2లో ఉన్న సరుకు అమ్మేవాళ్లు సరుకు ఖరీదు తప్ప అద్దె, జీతాలు, సెక్యూరిటీ లాంటి ఖర్చులేవీ తీసేసుకోకూడదు.

ఉదాహరణకు ఏడాది అమ్మకాలు 10 లక్షల డాలర్లు, సరుకు ఖరీదు 6 లక్షలు, మిగతా ఖర్చులు 3 లక్షలు అనుకుందాం. నిజంగా మిగిలింది లక్ష, అందులో మీ వంతు 10 వేలు. కానీ 280ఈ వర్తిస్తే ఆ లెక్కలో ఆదాయం 4 లక్షలు. ఆ వ్యాపారం పార్టనర్‌షిప్‌లా ట్యాక్స్ లెక్కేసే ఎల్ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) అయితే ట్యాక్స్ వాటాదారులే కట్టాలి, మీ కే-1లో (మీ వంతు ఆదాయం చూపే ట్యాక్స్ ఫారం) 40 వేలు పడుతుంది. మీది 24 శాతం శ్లాబ్ అయితే ఫెడరల్ ట్యాక్స్ 9,600. పదివేలు చేతికొచ్చి 400 మిగిలాయి. ఆ పదివేలు కూడా స్నేహితుడు పంచకుండా వ్యాపారంలోనే ఉంచేస్తే ట్యాక్స్ మీ జీతంలోంచి కట్టాలి. కే-1 వచ్చిందంటే పేరు కాగితం మీదకెక్కినట్టే, రాకపోతే ఆదాయం దాచినట్టే.

అప్పటికి షెడ్యూల్ 1లో ఉన్న గంజాయిని షెడ్యూల్ 3కి మార్చాలని 2024 మేలో న్యాయశాఖ ప్రతిపాదించింది, మీ స్నేహితుడు ఆ మాటే చెబుతారేమో. ఆ షెడ్యూల్‌లోకి మారిన సరుకుకు 280ఈ వర్తించదు, నిజమే. అయినా అది నియంత్రిత పదార్థమే, పాత ఏళ్ల బాకీలు దానంతటవే మాఫీ కావు.

బ్యాంకు సంగతీ తెలిసి ఉండాలి. 2014 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఫిన్‌సెన్ (ఆర్థిక నేరాల మీద నిఘా పెట్టే ఫెడరల్ విభాగం) మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి ఖాతాల మీద బ్యాంకు అనుమానాస్పద లావాదేవీల నివేదికలు పంపుతూనే ఉంటుంది, లైసెన్సు సక్రమంగా ఉన్నా సరే. మీ ఖాతా నుంచి వెళ్లిన డబ్బు అందులో కనిపించవచ్చు.

401కే లోన్ గురించి ఒక్క మాట. ఉద్యోగం పోతే ఆ బాకీని సాధారణంగా ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి. లేకపోతే ఆదాయంగా లెక్కేసి ట్యాక్స్, వయసు తక్కువైతే పైన 10 శాతం పెనాల్టీ వేస్తారు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఈ టెన్షన్ కూడా మీకెందుకు?

ఇచ్చిన 2 వేల గురించి ఇవాళే ఇమిగ్రేషన్ లాయరును కలవండి. వెనక్కి తీసుకోవాలా, ఎలా తీసుకోవాలి అన్నది ఆయన చెప్పాకే చేయండి. ఈలోగా దాన్ని చేబదులుగా చూపించే పాత తేదీల కాగితం దేనిమీదా సంతకం పెట్టకండి, మెసేజులు చెరిపేయకండి. స్నేహితుడికి "నా వీసా ఒప్పుకోదు" అని చెప్పండి. అతను మంచివాడైతే ఆ ఒక్క మాటతో అర్థం చేసుకుంటాడు.