అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పక్కపక్క రైతులకు కోవిడ్ సాయం అంత తేడాగా ఎందుకొచ్చింది?

ఒకే కౌంటీ (మన జిల్లా లాంటిది), ఇంచుమించు ఒకే విస్తీర్ణం, ఇద్దరిదీ మొక్కజొన్నే. 2020లో ఒకరికి వేల డాలర్లు వచ్చాయి, పక్కాయనకు ఏమీ రాలేదు, కౌంటీ ఆఫీసు పక్షపాతం చూపిందా అని అడిగారు. ఆ ఏడాది ఈ దరఖాస్తులు నింపడంలో రైతులకు సాయపడ్డాను కాబట్టి గట్టిగా చెప్పగలను: తేడా తెచ్చింది తేదీలు. రేట్లు, సూత్రం వాషింగ్టన్‌లో ఖరారయ్యాయి. వాటిని మార్చే అధికారం కౌంటీలోని ఎఫ్ఎస్ఏ (వ్యవసాయ శాఖ కింది రైతు సేవల సంస్థ) ఆఫీసుకు లేదు.

సీఫ్యాప్ అంటే రైతులకు ఇచ్చిన ఈ కోవిడ్ సాయం పథకమే. దాని మొదటి విడతకు 2020 మే 26 నుంచి ఏడీ-3114 ఫారంతో దరఖాస్తులు తీసుకున్నారు. మొక్కజొన్నకు చూసింది ఎకరాలు కాదు, 2020 జనవరి 15 నాటికి ధర ఖాయం కాకుండా చేతిలో ఉన్న 2019 గింజలు. ఆ నిల్వ, 2019 దిగుబడిలో సగం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది తీసుకుని, అందులో మళ్లీ సగానికే బుషెల్‌కు (మొక్కజొన్నైతే సుమారు 25 కిలోలు) 32, 35 సెంట్ల చొప్పున రెండు రేట్లూ కలిపి 67 సెంట్లు ఇచ్చారు. 40,000 బుషెళ్లు పండించి 30,000 నిల్వ ఉంచినాయనకు లెక్కలోకి వచ్చేవి 20,000. చెల్లింపు పడేది 10,000 మీద, అంటే 6,700 డాలర్లు. పక్కాయన నవంబరులోనే మొత్తం అమ్మేసినా, ముందే ధర ఖాయం చేసుకుని ఒప్పందం రాసుకున్నా సున్నా. గింజ ఇంకా కొట్టంలోనే ఉన్నా సరే, ధర తెగితే లెక్కలోకి రాదు. ఎక్కువ మంది తడబడింది ఇక్కడే.

పశువుల్లో తేడా మరీ ఘోరం. మాంసానికి మేపిన పశువును జనవరి 15, ఏప్రిల్ 15 మధ్య అమ్మితే తలకు 214 డాలర్లు, ఏప్రిల్ 16 తర్వాతి నిల్వలో చూపిస్తే 33. వంద తలలకు 21,400 ఒకచోట, 3,300 ఇంకోచోట. మాంసం ప్యాకింగ్ ప్లాంట్లు మూతపడి అమ్ముకోలేకపోయిన రైతే తక్కువ తీసుకున్నాడు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

సెప్టెంబరులో మొదలైన రెండో విడతలో (ఏడీ-3117 ఫారం) మొక్కజొన్నకు 2020లో వేసిన ఎకరాలు చూశారు. 200 ఎకరాలు, ఎకరాకు 180 బుషెళ్లు అనుకోండి: 36,000లో 40 శాతం, బుషెల్‌కు 58 సెంట్లు, మొత్తం 8,352 డాలర్లు. ఎకరాకు 15 డాలర్లతో లెక్క కడితే 3,000. రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఈసారి సంతానం కోసం ఉంచుకున్న ఆవులను పశువుల లెక్కలోంచి తీసేశారు. మొదటి విడత సంఖ్యే మళ్లీ రాసినవాళ్లకు దరఖాస్తు సవరించుకోవలసి వచ్చింది.

కౌలు సంగతి మనవాళ్లు తప్పక గమనించాలి. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకు వెళ్లేది, కౌలుదారుకు దక్కేది కాదు. సీఫ్యాప్‌లో పంట నష్టం ఎవరు భరిస్తే వాళ్లకే డబ్బు ఇచ్చారు. నగదు కౌలు తీసుకునే యజమానికి ఏమీ రాలేదు. పంటలో వాటా తీసుకుంటే యజమాని, కౌలుదారు ఎవరి వాటాకు వాళ్లు విడివిడిగా దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది. కౌలుదారు మొత్తం తన పేరునే రాసుకుంటే, తనిఖీలో బయటపడ్డాక యజమాని వాటా మేరకు వచ్చిన సొమ్ము వెనక్కి కట్టాల్సి వచ్చేది.

దరఖాస్తులో అంకెలు రైతే స్వయంగా ధ్రువీకరించి ఇచ్చేవాడు. కాగితాలు అడిగేది తనిఖీకి ఎంపికైతేనే. అందుకే ఎలివేటర్ (గింజలు కొని నిల్వ చేసే గోదాం) తూకం చీటీలు, సంత రసీదులు, ఆ తేదీ నాటి నిల్వ లెక్క మూడేళ్లు దాచమన్నారు. కంపెనీ పేరున సాగు చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉండేది. ప్రతి సభ్యుడూ ఆదాయ ధ్రువీకరణకు సీసీసీ-941 ఫారం విడిగా ఇవ్వాల్సి వచ్చేది. ఒక్కరిది రాకపోతే ఆ సభ్యుడి వాటా మేరకు చెల్లింపు తగ్గిపోయేది.