రాయితీలిచ్చి పరిశ్రమలను తెచ్చినా పాలమూరులో నిరుద్యోగం ఎందుకు తగ్గడం లేదు?

మీరు రెండు విషయాలు అడిగారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల ప్రాంతాలకు ఇన్ని రాయితీలిచ్చి పరిశ్రమలను రప్పించినా మన పిల్లలు ఇంకా ఖాళీగా ఎందుకు ఉన్నారన్నది మొదటిది. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు పూర్తి చేసిన మీ తమ్ముడు దివిటిపల్లి బ్యాటరీల కర్మాగారంలో ఉద్యోగం కోసం ఊళ్లోనే ఉండి ఎదురుచూడవచ్చా అన్నది రెండవది. నేను మహబూబ్‌నగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. చిన్న, మధ్యతరహా పరిశ్రమల వారికి రాయితీ దరఖాస్తులు సిద్ధం చేసి ఇవ్వడమే అక్కడ నా పని కాబట్టి, ఆ కాగితాల్లో నేను చూసిన దాని నుంచే మొదలుపెడతాను.

ఆ దరఖాస్తులో భూమి, షెడ్డు, యంత్రాల వివరాలకు పేజీలకు పేజీలు ఉండేవి. ప్రతి యంత్రానికీ బిల్లు, డబ్బు చెల్లించినట్టు రుజువు, దాని మీద చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణ జతచేసేవాళ్లం. ఎంతమందికి ఉపాధి కల్పిస్తారన్న ప్రశ్నకు మాత్రం ఒక చిన్న గడి ఉండేది, అందులో యజమాని నోటితో చెప్పిన సంఖ్యను రాసేవాళ్లం. 2014 నాటి మన రాష్ట్ర ప్రోత్సాహక విధానం టి-ఐడియా ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు స్థిర పెట్టుబడిలో 15 శాతం, గరిష్ఠంగా 20 లక్షల రూపాయల రాయితీ వచ్చేది. అయిదేళ్లపాటు కరెంటు యూనిట్‌కు ఒక రూపాయి చొప్పున తిరిగి ఇచ్చేవారు. స్టాంపు డ్యూటీ కూడా వెనక్కి వచ్చేది. స్థానికులకు పని నేర్పినందుకు ఇచ్చేది ఆ ఖర్చులో సగం, అదీ మనిషికి 2,000 రూపాయలకు మించకుండా. మెగా ప్రాజెక్టులనే భారీ పరిశ్రమల సంగతి పక్కనపెడితే, రాయితీ మొత్తాన్ని తేల్చేది పెట్టిన పెట్టుబడే తప్ప పెట్టుకున్న మనుషులు కాదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో నా కళ్లముందే జరిగిన ఒక సంగతి చెబుతాను. ప్యాకింగ్ విభాగంలో పద్నాలుగు మంది ఆడవాళ్లను పెట్టుకోవాలా, లేక ఆ పనంతా చేసే యంత్రాన్ని కొనాలా అని ఒక యజమాని చాలా రోజులు ఆలోచించాడు. రాయితీ పోను యంత్రం ఎంతకు పడుతుందో, ఆ ఆడవాళ్ల జీతాలు ఎన్నేళ్లలో దానికి సమానమవుతాయో లెక్క వేసి ఇమ్మన్నాడు. రాయితీని కలపకపోతే మనుషులే మేలని తేలింది, కలిపితే యంత్రమే మేలని తేలింది. ఆయన యంత్రాన్నే కొన్నాడు, వ్యాపారిగా అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ లెక్క వేసి ఇచ్చింది నేను, ఆ పద్నాలుగు మందిలో కొందరు నాకు తెలిసినవాళ్లు. ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదలలేదు.

రాయితీ లేకపోతే ఆ పరిశ్రమ మన దగ్గరకు వచ్చేదే కాదు కదా అని మీరు అడగవచ్చు. మా దగ్గరకు వచ్చేసరికే చాలామంది భూమి కొని, షెడ్డు కూడా వేసి ఉండేవారు. వాళ్లు జడ్చర్లను ఎంచుకున్నది 44వ నంబరు జాతీయ రహదారిని, శంషాబాద్ విమానాశ్రయాన్ని, హైదరాబాద్ కంటే తక్కువ ధరకు దొరికిన భూమిని చూసి. అమెరికాలో ఈ విషయాన్ని దశాబ్దాలుగా పరిశోధిస్తున్న టిమోతీ బార్టిక్ అనే ఆర్థికవేత్త 2018లో పాత అధ్యయనాలన్నీ పరిశీలించి, రాయితీ కారణంగానే నిర్ణయం మార్చుకునే సంస్థలు నూటికి 2 నుంచి 25 మధ్యలో ఉంటాయని అంచనా వేశారు. అది అమెరికా లెక్క అయినా, నా టేబుల్ మీదుగా వెళ్లిన ఫైళ్లను తలచుకుంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

కొన్ని వ్యాపారాల్లో కొత్త పరిశ్రమ వచ్చిందంటే పాతది కుంగిపోయిందనే అర్థం. పత్తి జిన్నింగ్ మిల్లులను చూడండి. చుట్టుపక్కల రైతులు పండించే పత్తి ఎంతో అంతే, మిల్లు పెట్టినందువల్ల పంట పెరగదు. రాయితీతో కొత్త యంత్రాలు తెచ్చుకున్న మిల్లు వస్తే అదే పత్తి చేతులు మారుతుంది, పాత మిల్లు సీజన్‌లో సగం రోజులు మూసి ఉంటుంది. కొత్త మిల్లులో చేరిన వాళ్ల లెక్క కాగితం మీదకు ఎక్కుతుంది, పాత మిల్లులో పని పోయిన హమాలీల లెక్క ఎవరూ రాయరు.

అన్నిటికంటే పెద్ద కారణం ఏమిటంటే, వచ్చిన ఉద్యోగం మన పట్టణంలోని నిరుద్యోగి కోసం ఆగి ఉండదు. షిఫ్టు మారే వేళ జడ్చర్ల నుంచి కొత్తూరు వరకు ఏ పరిశ్రమ గేటు ముందు నిలబడినా బిహార్, ఒడిశా, జార్ఖండ్ యువకుల మాటలు వినిపిస్తాయి. ఇంజనీర్లు హైదరాబాద్ నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్తారు, వాళ్ల జీతం ఖర్చయ్యేది కూడా అక్కడే. స్థానికులు పని చేయరని కొందరు యజమానులు అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట అన్యాయం. విత్తనాలప్పుడు, బతుకమ్మకు, ఇంట్లో పెళ్లికి సెలవు అడిగే స్థానికుడి కంటే, ఫ్యాక్టరీ పక్కనే గదిలో పదిమందితో ఉంటూ పన్నెండు గంటల డ్యూటీకి ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చే వలస కార్మికుడు కాంట్రాక్టర్‌కు అనుకూలం, అంతే. మన పాలమూరు వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కూలీలను జట్లుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీల వెంట మన తాతలు, తండ్రులు బొంబాయికీ, ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో వెళ్లినప్పుడు అక్కడి వాళ్లు మనల్ని పనిలో పెట్టుకున్నది ఈ కారణంతోనే. అందుకే ఆ బిహార్ పిల్లల మీద నాకు ఏ కోపమూ లేదు.

ఆర్థికవేత్తలు ఇదే విషయాన్ని వేరే చోట్ల గమనించారు. 1964లో కెన్యా ప్రభుత్వం యజమానులతో ఒప్పందం చేసుకుని అదనంగా ఉద్యోగాలు ఇప్పిస్తే, ఆ వార్త విని పల్లెల నుంచి ఉద్యోగాల కోసం మరింతమంది వచ్చారు, నిరుద్యోగం అలాగే ఉండిపోయింది. ఇలాంటి అనుభవాల ఆధారంగానే హారిస్, టొడారో అనే ఆర్థికవేత్తలు 1970లో, పట్టణంలో ఉద్యోగాలు పెంచితే వలస కూడా పెరిగి నిరుద్యోగం తగ్గకపోవచ్చన్న తమ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ పెరిగితే, అంతవరకు ఇంటి దగ్గర ఉండి పని వెతకని ఆడవాళ్లూ, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలూ కూడా వెతకడం మొదలుపెడతారు. పని వెతికేవాళ్లనే నిరుద్యోగులుగా లెక్కిస్తారు కాబట్టి అప్పుడు శాతం పెరిగినా పెరగవచ్చు. దాన్ని చెడుగా నేను చూడను.

స్థానికులకు ఉద్యోగాలిచ్చే పరిశ్రమలకు అదనపు ప్రోత్సాహకాలు ఇవ్వాలని 2020లో మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది, ఆ ఆలోచన మంచిదే. అయితే నేను చూసిన చాలా చోట్ల హెల్పర్లు, లోడింగ్ చేసేవాళ్లు కంపెనీ రిజిస్టర్‌లో కాక కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో ఉండేవారు. వాళ్లను లెక్కలోకి తీసుకోకుండా స్థానికుల శాతం చూపిస్తే దానికి అర్థం లేదు.

మన ఉమ్మడి జిల్లాలో వలసను నా కళ్లముందు తగ్గించింది నీళ్లు. నాగర్‌కర్నూల్ వైపున్న మా అమ్మమ్మ ఊరికి కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక, ఏటా దసరా తర్వాత తాళం పడే ఇళ్లు చాలావరకు తెరిచే ఉంటున్నాయి. ఇప్పుడు అక్కడ వరి నాట్లకు బయటి రాష్ట్రాల కూలీలు వస్తున్నారు, నిజమే, కానీ పంట డబ్బు ఊళ్లోనే ఉంటోంది, ఆ డబ్బుతో ట్రాక్టర్ మెకానిక్ షాపులు, ఎరువుల దుకాణాలు నడుస్తున్నాయి. అలాగని రాయితీలు పూర్తిగా ఎత్తేయాలని నేను అనను. యంత్రం మీద ఇచ్చే రూపాయిలో కనీసం పావలా అయినా ఇక్కడి మనిషికి పని నేర్పడానికి ఇవ్వాలని అంటాను.

ఇక మీ తమ్ముడి సంగతి. దివిటిపల్లిలో అమరరాజా సంస్థ బ్యాటరీల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, 4,500 మందికి ప్రత్యక్ష ఉపాధి అని ప్రకటించారు. అంటే ఒక్కో ఉద్యోగం వెనుక 2 కోట్లకు పైగా పెట్టుబడి ఉంది, ఎక్కువ పని యంత్రాలే చేస్తాయి. అలాంటి చోట అనుభవం ఉన్నవాళ్లకే ముందు అవకాశం ఉంటుంది కాబట్టి ఇంట్లో కూర్చుని ఎదురుచూడవద్దని చెప్పండి. 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలన్నీ అప్రెంటిస్ చట్టం ప్రకారం తమ సిబ్బంది సంఖ్యలో కనీసం 2.5 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఆయన పేరు నమోదు చేయించండి. పోలేపల్లి, జడ్చర్ల, కొత్తూరు సంస్థల్లో మెయింటెనెన్స్ విభాగాన్నే అడగమనండి, ప్యాకింగ్‌లో వేస్తామంటే ఒప్పుకోవద్దు. చేరేముందు తన పేరు కంపెనీ రిజిస్టర్‌లో ఉంటుందా, కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో ఉంటుందా అన్నది తప్పకుండా అడిగి తెలుసుకోమని చెప్పండి.