పైపులో మిగిలిన మందు

చిట్టీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ ఐసీయూలో సెప్సిస్ కేసులకి, అదే ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి, పిప్‌టాజ్, మెరోపెనెమ్ యాంటీబయాటిక్‌లు ఇకమీదట అరగంటలో కాకుండా మూడు నాలుగు గంటలసేపు ఎక్కిస్తారట, నర్సులకి నేర్పే పని నీదేనట. పొద్దున్నే బ్రాడీపేట నాలుగో లైనంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

మొదటి డోసు అరగంటలో వేసెయ్యండి, నెమ్మది రెండో డోసు నుంచే. ఈ మందులు రక్తంలో తగినంత ఎంతసేపు నిలిచాయన్నదే లెక్క. అమికాసిన్ కూడా యాంటీబయాటిక్కే కానీ అలా కాదు, దాన్ని సాగదీయొద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది నా నిర్వాకం. గుంటూరులో ఉద్యోగం చేసేటప్పుడు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఆయన వచ్చాడు. షుగరు, కాలి పుండు చీముపట్టి బీపీ పడిపోయింది. 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో పిప్‌టాజ్ కలిపి, నాలుగు గంటలు పట్టేలా గంటకి 25 చొప్పున పెట్టేదాన్ని. బాటిల్ ఖాళీ కాగానే పంప్ మోగేది, సెట్, అంటే బాటిల్ నుంచి నరానికి వెళ్ళే పైపు, తీసి పారేసేదాన్ని. నిమిషం తేడా రానివ్వలేదని గర్వం కూడాను! మూడో రోజు ఫార్మసీ కుర్రాడొకడు నేను తీసిన సెట్ అడిగి పుచ్చుకుని, అందులో ఉన్నదంతా సిరంజిలోకి లాగి చూపించాడు. దాదాపు 20 మిల్లీలీటర్లు. ప్రతి డోసులో ఐదో వంతు ఆయనకి చేరనేలేదు. పాత పద్ధతిలో మందు వెనకాలే సెలైన్ పోయేది కాబట్టి ఎప్పుడూ ఎవరికీ తట్టలేదు.

ఐదో రోజు ఆయన పోయాడు. కిడ్నీలు అప్పటికే పోయాయి, మీ వల్ల కాదు సిస్టర్ అన్నారు డాక్టరుగారు. అయ్యుండొచ్చు. వెళ్తూ వెళ్తూ ఆయన భార్య నాకు దండం పెట్టింది చూడూ, అదే ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకని బాటిల్ అయ్యాక అదే స్పీడులో సెలైన్ పెట్టి పైపులోది మొత్తం లోపలికి పంపించు. చార్టులో దానికో గడి గీయించు. విసుక్కుంటే విసుక్కోనీ. ఈ రెండు మందుల మీదే జరిగి 2024లో వచ్చిన బ్లింగ్-3 ట్రయల్ సంగతి మీ బావ చదివి చెప్పాడు. ఏడువేల మందికి పైగా పేషెంట్లు. మందు ఆపకుండా ఎక్కించినవాళ్ళలో 90 రోజుల్లో పోయినవాళ్ళు 24.9 శాతం, విడతలుగా ఇచ్చినవాళ్ళలో 26.8. అది కచ్చితమైన తేడా అనడానికి లెక్కలు ఒప్పుకోలేదట. ఉన్న కాస్త మేలు కూడా పైపులో పారబోస్తే ఇక ఈ శ్రమంతా ఎందుకే?

మెరోపెనెమ్ ముందే కలిపి పెట్టుకోకండి, వేడికి త్వరగా పాడవుతుంది. మే నెల బెజవాడ గురించి నీకు నేను చెప్పాలా?

మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తింటున్నావట. తన్నాలి నిన్ను. ఆదివారం ఆఫ్ దొరికితే రా, చేపల పులుసు పెడతాను. మీరు వాడే సెట్ కొత్తది ఒకటి పట్టుకురా. అందులో ఎంత పడుతుందో నీళ్ళు పోసి కొలుద్దాం.

మీ పెద్దమ్మ