ఒళ్ళు వంగదన్న మాట మానేయ్

అమ్మాయీ,

‘వాడికి ఒళ్ళు వంగదు అత్తయ్యా, కూర్చోబెడితే వాలిపోతాడు’ అని రాశావు. మావాడి గురించి నేనూ చాలాకాలం అదే మాట అన్నాను. నిజానికి ఆటిజం ఉన్న మన పిల్లల్లాంటివాళ్ళకు ఒళ్ళు వంగినంత సులువుగా మనకెవరికీ వంగదు. చిక్కంతా అక్కడే.

కదలకుండా ఉన్నప్పుడు కూడా కండరాల్లో కొంత బిగువు ఉంటుంది. మనల్ని నిటారుగా నిలిపేది అదే. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో అది తక్కువ. ఊరికే కూర్చోవడం కూడా వాళ్ళకు పనే. అందుకే గోడకు ఆనుకుంటారు, కాళ్ళు రెండు పక్కలకూ మడిచి చతికిలబడతారు. వ్యాయామంతో బిగువు పెద్దగా మారదు. బలం, ఓర్పు మాత్రం పెరుగుతాయి. నువ్వు పాటుపడాల్సింది వాటికోసం.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దాన్ని చూసి బెంబేలెత్తకు, ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టు. మావాడికి జట్టు ఆటలు పడలేదు. ఈల మోతకు చెవులు మూసుకునేవాడు. చెయ్యి ఎటు చాపాలో తేల్చుకునేలోపు బంతి దాటిపోయేది. వాడికి రైళ్ళంటే పిచ్చి. బుట్టలో పుస్తకాలు నింపి, రైలుపెట్టె అని చెప్పి గది నుంచి గదికి తోయించాను. తోయడం, లాగడం, ఎక్కడం, బోర్లా పడుకుని బొమ్మలు పేర్చడం, వాడి కసరత్తంతా అదే. మాటలతో చెప్పకు, చేసి చూపించు. రోజూ అదే వరుసలో సాగనీ.

ఈత మంచిదే, నీరు ఒంటి బరువు మోస్తుంది. అయితే ఈ పిల్లల్లో చాలామంది చెప్పాపెట్టకుండా నీళ్ళవైపు వెళ్ళిపోతారు. ఈత వచ్చినా సరే, చేతికందే దూరంలో ఉండు.

చెయ్యి పట్టి గుంజి లేపకు, మోచేయి కీలు తప్పుకోవచ్చు. రాసేటప్పుడు పాదాలు దేనికైనా ఆనేలా చూడు.

ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించు. నేలమీంచి లేచేటప్పుడు తొడలమీద చేతులు ఆనించి పైకి ఎగబాకుతున్నా, వచ్చిన నడక వెనక్కి పోతున్నా ఆటిజమేలే అని సరిపెట్టుకోకు. వేరే కండరాల జబ్బు ఉండవచ్చు, వెంటనే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళు.

అలసిపోయానని మావాడు చెప్పలేకపోయేవాడు, నవ్వేవాడు. సరదా పడుతున్నాడనుకుని ఇంకో రెండుసార్లు చేయించి ఏడిపించాను. మీవాడు అలసిపోయాడనడానికి గుర్తేమిటో కనిపెట్టి నాకు రాయి.

మీ అత్తయ్య