ద్రుతమంటే త్వరగా అనేనా?

సందేహం: మా అమ్మాయి బళ్లో ఛందస్సు, సాయంత్రం కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. లఘువంటే ఒక మాత్ర అని బళ్లో చెప్పారు. ఆది తాళంలో లఘువుకు నాలుగు అక్షరాలని సంగీతం టీచరు అంటున్నారు. ద్రుతమంటే త్వరగా అని నేను చెబితే, తెలుగు మాస్టారు నకారం అన్నారట, తాళంలోనేమో అది రెండు అక్షరాలట! ఎవరి మాట ఒప్పు?

సమాధానం: అందరి మాటా ఒప్పే, మీ మాటతో సహా. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందన్నదే తేల్చుకోవాలి.

లఘువంటే తేలికైనది, చిన్నది. లఘుచిత్రం, లఘుశంక అన్నీ ఆ అర్థంలోవే. గురువంటే బరువైనది. ఛందస్సు ఈ రెండు మాటలనూ తీసుకుని పలికే కాలాన్ని కొలవడానికి పెట్టుకుంది. 'రాముడు' అన్నప్పుడు 'రా' గురువు, రెండు మాత్రలు. 'ము', 'డు' లఘువులు, ఒక్కో మాత్ర. మొత్తం మూడక్షరాలు, నాలుగు మాత్రలు.

తాళశాస్త్రం కూడా కాలాన్నే కొలుస్తుంది, కానీ కొలబద్ద వేరు. అనుద్రుతం 1, ద్రుతం 2, లఘువు 4, గురువు 8, ప్లుతం 12, కాకపాదం 16 అక్షరాలు. ఇక్కడ కాస్త ఆగి చూడండి: లఘువుకు గురువు రెట్టింపు, ప్లుతం మూడింతలు. వ్యాకరణం హ్రస్వ, దీర్ఘ, ప్లుతాలకు చెప్పే 1, 2, 3 మాత్రల లెక్క ఇదే. అంటే సంగీతం వాళ్లు మాటను ఊరికే ఎత్తుకుపోలేదు, నిష్పత్తితో సహా తీసుకెళ్లారు. తర్వాత జాతిభేదాలు (లఘువు నిడివిని బట్టి తాళంలో చేసే రకాలు) వచ్చి లఘువు విలువ 3, 4, 5, 7, 9గా మారుతుండటంతో చుట్టరికం మరుగున పడింది. జాతి మారితే మారేది లఘువొక్కటే, ద్రుతం ఎప్పుడూ రెండే.

తాళంలో 'అక్షరం' కూడా రాసే అక్షరం కాదు, కాలపు తునక. సరళీ స్వరాలు (మొదట్లో నేర్పే పాఠాలు) మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, ఆ తునకకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పడతాయి. తునక మాత్రం అదే.

గుర్తుల దగ్గర ఇంకో తిరకాసుంది. లఘువుకు రెండు చోట్లా నిలువు గీతే. అడుగున మూసి పైన తెరిచిన అర్ధచంద్రపు గుర్తు ఛందస్సులో గురువు, తాళంలో అనుద్రుతం. ఒకచోట పెద్దది, ఇంకోచోట అన్నిటికన్నా చిన్నది! రెండూ ఒకే నోటుబుక్కులో రాసుకునే పిల్లలు తికమకపడటంలో వింతేముంది?

ఇక ద్రుతం. మీరు చెప్పిన 'త్వరగా' నిఘంటువు అర్థమే. విలంబిత, మధ్య, ద్రుత లయలన్నప్పుడు సంగీతంలోనూ అదే అర్థం. కానీ తాళాంగమైన ద్రుతానికి వేగంతో పనిలేదు, అది రెండక్షరాల కొలత, అంతే. ఆది తాళంలో ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు కలిసి నాలుగు అక్షరాల లఘువు. తర్వాత అరచేత్తో కొట్టి, చేయి తిరగేసి వేస్తే ఒక ద్రుతం, మళ్లీ అలాగే ఇంకొకటి. మొత్తం ఎనిమిది. 'ద్రుతం కదా' అని ఆ చివరి నాలుగింటినీ గబగబా వేస్తే తాళం పరుగెత్తుతుంది, పాట వెనకబడుతుంది. ఎనిమిదింటి మధ్యా ఎడం సమానంగా ఉండాల్సిందే. అమ్మాయికి ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి.

వ్యాకరణంలో ద్రుతమంటే మాట చివర చేరే నకారం. అది చివరనున్న మాటలు ద్రుతప్రకృతికాలు, మిగిలినవి కళలు (లలితకళలకూ వీటికీ సంబంధం లేదు). 'పూచెను' ద్రుతప్రకృతికం కాబట్టి దాని పక్కన 'కలువలు' చేరితే క కాస్తా గ అయి 'పూచెను గలువలు' అవుతుంది. సరళాదేశమంటే ఇదే. ద్రు ధాతువుకు పరుగెత్తడం, కరగడం అనే అర్థాలున్నాయి. ద్రవం, ద్రవించడం అందులోంచి వచ్చినవే. ఒకచోట నిలిచి, ఒకచోట సున్నాగా మారి, ఒకచోట జారిపోయే నకారానికి ఆ పేరు నాకైతే బాగా నప్పిందనిపిస్తుంది.

రాసేటప్పుడు 'తాళంలో ద్రుతం', 'వ్యాకరణంలో ద్రుతం' అని ఒక్క మాట ముందు చేరిస్తే పేచీ ఉండదు. అన్నట్టు, పరీక్ష పేపర్లలో దీన్ని 'దృతం' అనీ, 'ధృతం' అనీ రాసేస్తుంటారు. ధృతమంటే పట్టుకున్నది. జారిపోయేదానికి ఆ పేరు పెడితే ఎలా?